రష్యా రామాయణానికి వదిలిన చెప్పులు

గుళ్లోకి వెళ్లేవాడు చెప్పులు బయట వదులుతాడు. మరి మనసు అతనితో లోపలికి వస్తుందా, చెప్పులతోపాటు గుమ్మం దగ్గరే ఉండిపోతుందా అన్నది చాలా ఏళ్లుగా నాకున్న సందేహం. రోజూ దీపం పెట్టుకునేవాడినే కనుక ఈ మాట ఎగతాళికి అనడం లేదు. కళ్లు మూసుకుని దణ్ణం పెడుతున్నవాళ్లలో ఎందరికి స్వామి కనిపిస్తున్నాడు, ఎందరికి నిన్న కొన్న కొత్త జత కనిపిస్తోంది అని అడగాలనిపిస్తుంది, అంతే. అడిగితే బాగుండదని ఊరుకున్నాను. కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉండే బైరాగి సంగతి విన్నాక ఈ సందేహానికి కొంత సమాధానం దొరికింది. చిత్రం ఏమిటంటే అది గుళ్లో దొరకలేదు, రష్యా వాళ్లు ఆడిన నాట్యం దగ్గర దొరికింది.

బైరాగి ఓడలు సరుకు దించే డాకుల్లో క్రేన్ నడిపేవాడు. చిన్నప్పుడే తండ్రి వెంట శ్రీకాకుళం వైపు నుంచి కలకత్తా వచ్చి, తండ్రి పోయాక ఆయన పనిలోనే కుదురుకున్నాడు. తాగడు, పేకాడడు. అతనికున్న వ్యసనం ఒక్కటే, బ్యాలే నాట్యం.

ఎర్రజెండా ప్రభుత్వం వచ్చాక రష్యా నుంచి ఏ నాట్యబృందం కలకత్తాకి వచ్చినా డాకు యూనియన్ ఆఫీసుకి ఉచితంగా పాసులు వచ్చేవి. శ్రమజీవులు గొప్ప కళలు చూడాలని నాయకుల కోరిక. శ్రమజీవులకు అలాంటి కోరిక ఏమీ ఉండేది కాదు. పుచ్చుకునేవాడు లేక పాసులు బల్ల మీద పడి ఉంటే, సర్కస్ అనుకుని బైరాగి ఒకటి జేబులో వేసుకున్నాడు. వెళ్లినవాడు ఒకడు, తిరిగి వచ్చినవాడు మరొకడు. ఆ తర్వాత ఇంకో రెండు బృందాలు వచ్చాయి, రెండింటికీ వెళ్లాడు. మిగిలిన రోజుల్లో గేటు ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర, చూసినదాన్ని చూడనివాళ్లకు చెబుతూ గడిపాడు.

"తెర లేవక ముందు దీపాలు ఒక్కొక్కటీ ఆరతాయి. అంతమంది ఒక్కసారే దగ్గడం మానేస్తారు. ఆ నిశ్శబ్దం ఇంటే ఒళ్లు జలదరిస్తాది" అనేవాడు. "అప్పుడా పిల్ల వస్తాది. కాలి వేళ్ల కొన మీద నిలబడతాది. మడమ కింద పెట్టదు. దూరం నించి సూస్తే గాల్లో ఉన్నట్టుంటాది. దగ్గిర కూకుంటే మాత్రం చెక్క మీద జోడు టక్కుటక్కుమని ఇనిపిస్తాది, ఊపిరి ఇనిపిస్తాది. మొకం మీద నవ్వు, లోపల కొలిమి తిత్తి. ఇక ఆ కుర్రోడు ఆ పిల్లని నెత్తి మీదకి ఎత్తుతాడు సూడండి, నా క్రేను సిగ్గుపడాల. దించేటప్పుడు గుడ్ల బుట్ట దించినట్టు దించుతాడు. సప్పుడుండదు."

"ఇంట్లో బియ్యం బస్తా ఎత్తమంటే నడుం నొప్పంటాడు మా బావ. పరాయి పిల్లని ఎత్తినోణ్ణి మెచ్చుకుంతన్నాడు" అనేవాడు గవరయ్య. గవరయ్య అతని పక్కింటివాడు, డాకుల్లోనే మూటలు లెక్కపెట్టే పని. బైరాగి మాటల్లో నిజమెంతో చూడటం కూడా తన పనిలో భాగమే అనుకునేవాడు.

నిజంగానే ఒక లోటుంది. బ్యాలే గురించి ఇంత తెలిసిన బైరాగి ఇంతవరకూ ఒక్క బ్యాలేకీ ముగింపు చూడలేదు. హాలు మైదానం దగ్గర. గార్డెన్ రీచ్ వైపు వెళ్లే బస్సులు చీకటిపడ్డాక దైవాధీనం. అందుకని ప్రతిసారీ విరామంలో లేచి వచ్చేసేవాడు. టీకొట్టు దగ్గర కథ చెప్పేటప్పుడు ముగింపు తనే కల్పించేవాడు. రాకుమార్తె ఒకసారి చుక్కైపోయేది, ఒకసారి పెళ్లి చేసుకునేది. జీతం కోత పడిన నెలలో అందరూ ఏట్లో పడి చచ్చిపోయారు. విన్నవాళ్లెవరూ ఈ తేడా పట్టుకోలేదు. పట్టుకున్నది అతని భార్య నారాయణమ్మ ఒక్కతే.

ఆమెకు ముగింపుల విషయంలో పాత కక్ష ఉంది. పెళ్లయిన ఏడాది భవానీపూర్‌లో మన వైపు నుంచి వచ్చినవాళ్లు రామాయణం ఆడుతుంటే భార్యను తీసుకెళ్లాడు. రావణుడు చచ్చాడు, పుష్పకం అయోధ్యలో దిగబోతోంది, సింహాసనం తెచ్చి మధ్యలో వేశారు. సరిగ్గా అప్పుడు ఆఖరి బస్సు పోతుందని బైరాగి ఆమెను చెయ్యి పట్టుకుని లేవదీశాడు. వెనక్కి తిరిగి చూస్తూ నడుస్తున్న పెళ్లాంతో, "ఆఖర్న ఏటుంటాదే, అందరికీ తెలిసిందే కదేటి" అన్నాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు. కూరలో ఉప్పెక్కువైందని అతనంటే, "నాకు పట్టాభిషేకం బాకీ ఉన్నావు, ముందది తీర్చు" అనేది.

ఆ చలికాలం మళ్లీ రష్యా వాళ్లు వచ్చారు. ఆదివారం పొద్దున బైరాగి వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఆటకి వెళ్లాలి, ఈసారి ఏమైనా సరే ముగింపు చూడాలి. నడిచి అయినా ఇల్లు చేరాలి. ఎంత దూరమో ఆలోచిస్తూ గడ్డం గీసుకుంటూ ఉండగా యూనియన్ నాయకుడు బిభూతి దా, అంటే బిభూతి అన్న, గుమ్మంలోకి వచ్చాడు.

బిభూతి దాది బెంగాలీ ఇల్లే అయినా తెలుగు బస్తీలో ఏ ఇంట్లో ఏ కూరో వాసన చూసి చెప్పగలడు. దేవుణ్ణి నమ్మనని పైకి చెబుతాడు. కాళీపూజ చందా మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. ఆ రోజు ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"నిన్న మొదటి ఆటకి కార్మికుల వరసలు రెండూ ఖాళీ, బైరాగీ. ముందు నుంచి మూడో వరస, నాలుగో వరస. వచ్చిన అతిథులు శ్రామికులెక్కడ అని అడిగారట. పై నుంచి నాకు చివాట్లు. ఈరోజు ఇరవై మందిని తీసుకురావాలి. ఆడవాళ్లు కూడా ఉండాలి, కుటుంబాల్లా కనిపించాలి."

"ఎలగొస్తారు దాదా? రాత్రి బస్సులుండవు."

"లారీ ఇస్తాను. తీసుకెళ్తుంది, మళ్లీ తెచ్చి దింపుతుంది."

బైరాగి గడ్డం గీసుకోవడం ఆపేశాడు. "ఎప్పుడు తెస్తాది? మొత్తం అయ్యాకా?"

"మొత్తం అయ్యాకే. మధ్యలో ఒక్క సీటు ఖాళీ అయినా నా పరువు పోతుంది. కానీ ఇరవైకి ఒక్కరు తగ్గినా లారీ లేదు. ఖాళీ లారీ పంపానని మళ్లీ అదొక మాట పడలేను."

సగం గడ్డంతోనే బైరాగి బస్తీ మీద పడ్డాడు. గంటసేపు తిరిగితే ఒక్కరు కూడా సరే అనలేదు. "మాటా పాటా లేని ఆట ఏటి బావా? మూగోళ్ల పెళ్లిలాగ" అన్నాడు గవరయ్య. కుళాయి దగ్గర బస్తీకంతటికీ పెద్దదిక్కైన అమ్మన్నమ్మ బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఊఁ అంటే ఆడవాళ్లంతా కదులుతారు, ఆడవాళ్లు కదిలితే మగవాళ్లు కదలక తప్పదు.

"కథేటిరా బైరాగీ?" అని అడిగింది.

"అడవి అత్తా, నాను మునుపు సగం సూసిందే. అడవిలో ఒక లేడి ఉంటాది. విల్లూ బాణం పట్టుకుని ఒక రాకుమారుడొస్తాడు. లేడి యెంట పడతాడు."

అమ్మన్నమ్మ బిందె కింద పెట్టింది. "లేడి బంగారుదేటి?"

ఆ క్షణంలో బైరాగికి లారీ కనిపించింది. "మెరస్తాది అత్తా" అన్నాడు.

అతను ఆడిన అబద్ధం అంతే, ఆ మాట కూడా పూర్తిగా అబద్ధం కాదు. మిగిలినదంతా కుళాయి దగ్గర ఆడవాళ్లే పూరించుకున్నారు. రష్యా వాళ్లు రామాయణం ఆడుతున్నారు, మారీచుడి ఘట్టం వేస్తున్నారు, తెల్లగా పాలల్లే ఉన్న రాముడు వస్తాడు. మధ్యాహ్నానికల్లా బస్తీలో తలంట్లు మొదలయ్యాయి. స్వామి దర్శనం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని అమ్మన్నమ్మ చెప్పేసింది. ఇరవై మంది దొరకడం అటుంచి, ఎవరిని వద్దనాలా అన్న తగువు వచ్చింది.

"పట్టాభిషేకం కూడా ఉంటాదా?" అని అడిగింది నారాయణమ్మ, జడ వేసుకుంటూ.

"ఆఖర్న ఉంటాది."

"ఆఖర్న ఏటుంటాదో నీకెలగ తెలుసు? ఎప్పుడైనా సూసినావా?"

"ఇయ్యాల సూస్తాను. లారీ ఉన్నాది. నిన్ను లేవదీయను, నాను లేవను" అన్నాడు బైరాగి. ఆ సాయంత్రం అతను కోరుకున్నది ఒక్కటే, ముగింపు.

హాలు ముందర చలువరాతి మెట్లు. లోపల ఒక చివర నుంచి మరో చివరికి పెద్ద వసారా, రెండు కొసల్లోనూ బయటికి మెట్లు. లారీ దిగిన అమ్మన్నమ్మ మెట్లెక్కి, వసారా దాటి, హాలు తలుపు దగ్గర ఆగింది. రాముడు వచ్చే చోటు. ఆమె చెప్పులు విడిచి పక్కకు తోసి, గడపకు చెయ్యి తాకించి కళ్లకద్దుకుని లోపలికి వెళ్లింది. వెనకున్నవాళ్లంతా అలాగే చేశారు. ఊళ్లో భాగవతం ఆడితే పందిరి బయట చెప్పులు వదలడం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేని పని. బైరాగికి మాత్రం ఇక్కడ చెప్పులు విప్పరని తెలుసు. ఆ మాట అంటే ఎందుకు విప్పరని అడుగుతారు, అడిగితే రాముడి దాకా వస్తుంది. అందుకని అతనూ విప్పాడు. తలుపు దగ్గర యూనిఫారంలో నిలబడ్డ మనిషి ఆ కుప్ప వైపు చూశాడు. చెప్పుల గురించి తనకు ఉత్తర్వులేమీ లేవు కనుక మళ్లీ ఎదురుగా చూడటం మొదలుపెట్టాడు.

తర్వాత వచ్చింది ఒక కాలేజీ ప్రొఫెసరు దంపతులు. భర్త శాలువా సవరించుకుంటూ కుప్ప చూసి ఆగాడు. "విప్పాలా?" అని భార్య ఆయన చెవిలో అడిగింది. ఆయనకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు. "మాస్కోలో ఇలాగే చేస్తారు. బూట్ల చప్పుడు సంగీతానికి అడ్డం" అని వంగి బూట్లు విప్పాడు. ఆయన వెనక వచ్చిన డాక్టరుగారు ప్రొఫెసరును చూసి విప్పాడు. డాక్టరును చూసి ఇద్దరు లాయర్లు విప్పారు. అక్కణ్ణుంచి అడిగినవాడు లేడు. ఒకరు కొత్త తివాచీ అన్నారు, ఒకరు పోయిన ఎవరో నాయకుడికి సంతాపం అన్నారు. అందరూ విప్పారు.

బిభూతి దా కాస్త ఆలస్యంగా వచ్చాడు. కుప్ప చూడగానే ఆయన లెక్క వేసుకున్నాడు. పై నుంచి ఏదో కొత్త ఆదేశం వచ్చింది, తనకు చెప్పలేదు, అంటే తనను పక్కన పెడుతున్నారు. చప్పుడు చెయ్యకుండా తన కొల్హాపురి చెప్పులు విప్పి కుప్పలో పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన నగర కమిటీ పెద్ద నాయకుడు, కింది నాయకుడే విప్పాడంటే ఇది ప్రజల నిర్ణయమై ఉంటుందనుకుని బూట్లు విప్పాడు. ఎడమ మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. ఆ వేలిని చూడనట్టు నటించడం ఆయన వెనకున్న పదిమందికి ఆ సాయంత్రం మొదటి బాధ్యత అయింది. చివరగా రష్యా అతిథి వచ్చాడు. దుబాసీని ఏదో అడిగాడు. దుబాసీ కుప్పనూ, నాయకుడి బొటనవేలినీ చూసి, ఇక్కడి ఆచారం అని చెప్పి ఉంటాడు. అతిథి బల్ల మీద కూర్చుని మోకాళ్ల దాకా ఉన్న బూట్లను కష్టపడి లాగాడు.

ఆట మొదలైంది. తెర మీద అడవి. లేడి వేషం వేసిన పిల్ల వేలి కొనల మీద వచ్చింది. ఆమె మెడ ఒక్కసారి ఉలిక్కిపడి పక్కకు తిరిగితే, ఎక్కడో ఎండుటాకు చప్పుడైందని హాలంతటికీ తెలిసిపోయింది. బైరాగి కుర్చీలో ముందుకు వంగాడు. ఇంతలో విల్లు పట్టుకుని రాకుమారుడు దూకాడు. మూడో వరసలో అమ్మన్నమ్మ లేచి రెండు చేతులూ జోడించింది. రెండు వరసల తెలుగువాళ్లూ లేచారు. వెనక వరసలో ప్రొఫెసరు, ఈ ఘట్టంలో లేవాలని తనకు ముందే తెలిసినట్టు లేచాడు. నిమిషంలో హాలంతా నిలబడి ఉంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. రాకుమారుడు ఇంకా ఒక్క అడుగు కూడా ఆడలేదు. పాపం ఆ కుర్రవాడు కంగారుపడి ఒకసారి వంగి దణ్ణం పెట్టి, మొదలుపెట్టిన చోటు మరిచిపోయి మళ్లీ దూకాడు.

మొదటి చిక్కు రాకుమారుడు విల్లు కింద పడేసినప్పుడు వచ్చింది.

"బాణం ఎయ్యడేటిరా?" అంది అమ్మన్నమ్మ.

"ఏస్తాడు అత్తా. కూకో."

రాకుమారుడు బాణం వెయ్యలేదు. లేడి నడుము పట్టుకుని తిప్పాడు. నెత్తి మీదకి ఎత్తాడు. దించి, ముద్దు పెట్టుకున్నాడు.

"ఒరే బైరాగీ. రాముడు మారీచుణ్ణి ముద్దెట్టుకుంతన్నాడేటిరా?"

"ఇది రష్యా రామాయణం అత్తా. అక్కడ సలి ఎక్కువ."

"సలైతే మాత్రం? సీతమ్మ ఏదిరా?"

"రెండో సగంలో వస్తాది" అన్నాడు బైరాగి. రెండో సగంలో ఏముంటుందో అతను ఎన్నడూ చూడలేదు కనుక ఆ మాట కొంత నమ్మకంతోనే అన్నాడు. పక్కన నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో లేదో చీకట్లో తెలియలేదు.

విరామంలో దీపాలు వెలిగాయి. వసారాలో గందరగోళం మొదలైంది. సగంలో వెళ్లిపోదామని చూసిన పెద్దమనుషులకు తమ బూట్లు కనిపించలేదు. కనిపించినవి తొడుక్కుని వెళ్లబోయిన ఒకాయనను అవి నావి అంటూ ఇంకొకాయన పట్టుకున్నాడు. ఒకావిడ, ఎత్తు మడమల జోళ్లు లండన్ నుంచి తెచ్చినవి, ఇక్కడ దొంగలున్నారు అని గట్టిగా అంది. దొంగలు అన్న మాట లోపలిదాకా వెళ్లింది. బిభూతి దా గుంపును తోసుకుంటూ మూడో వరసకి వచ్చాడు.

"ముందు ఎవరు విప్పారు?" అని అడిగాడు.

ఇరవై మందీ బైరాగి వైపు చూశారు. అలా చూడమని ఎవరూ చెప్పలేదు.

"బయటికి రా. ఆ చెప్పులకు నువ్వే కాపలా. అతిథి బూట్లు పోతే రేపు నేను యూనియన్‌లో ఉండను, నువ్వు క్రేన్ మీద ఉండవు. ఒక్క జత కూడా పోకూడదు."

"దాదా, ఇంకెవరినైనా పెట్టండి. మీ కాళ్లు పట్టుకుంటాను. నాను ఇంతవరకూ ముగింపు సూడలేదు."

"ఎవడు చూశాడు? రెండో సగంలో నేనెప్పుడూ నిద్రపోతాను" అన్నాడు బిభూతి దా. మళ్లీ దీపాలు ఆరాయి, తలుపులు మూసుకున్నాయి. లోపల ఒక్క సీటు ఖాళీ అయితే పరువు పోతుందన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

ఖాళీ వసారాలో బైరాగి, వందల జతల చెప్పులు మిగిలారు. లోపల సంగీతం మొదలైంది. ఒక్కడే రెండు కొసలూ కాయడం కుదరదు. ఒక్క జత కూడా పోకుండా ఎలా అని ఆలోచించాడు. అప్పుడతనికి తల్లి సింహాచలంలో చేసే పని గుర్తొచ్చింది. ఆమె గుడికి వెళ్తే ఒక చెప్పు ఈ గోడ దగ్గర, రెండోది ఆ గోడ దగ్గర వదిలేది. ఒంటి చెప్పు ఏ దొంగకీ అక్కర్లేదు. ఇంత తేలికైన ఉపాయం ఈ పెద్దమనుషులకు తట్టలేదే అని బైరాగి జాలిపడ్డాడు. తువ్వాలు పరిచి, ఎడమవన్నీ మూటలు కట్టి ఎడమ కొస మెట్ల దగ్గరికి చేరేశాడు. కుడివన్నీ కుడి కొసకి చేరేశాడు. డాకుల్లో పెరిగిన ఒళ్లు కనుక పని చకచకా సాగింది. మూట మోస్తూ తలుపు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, చెక్క మీద వేళ్ల చప్పుడు వినేవాడు. ఇప్పుడు లేడి ఒంటరిగా ఉంది, ఇప్పుడెవరో ఎత్తారు, ఇప్పుడు దించారు అని చప్పుణ్ణి బట్టి ఊహించుకునేవాడు. ఒకసారి మాత్రం, దించాక మళ్లీ మొదలవ్వాల్సిన అడుగుల చప్పుడు రాలేదు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఏమయ్యాడో తెలియక, మూట భుజాన పెట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

లోపల వందలమంది కూర్చుని ఉన్నారు, వాళ్ల మనసులన్నీ బయట చెప్పుల మీద ఉన్నాయి. చెప్పుల దగ్గరున్నవాడు ఒక్కడే, వాడి మనసు మాత్రం లోపల ఉంది. దేవుడు ఇలాంటి పంపకాలు ఎందుకు చేస్తాడో అడగాలని ఉంది గాని, ఆయనను అడగడం కూడా బాగుండదు.

చప్పట్లు మోగాయి. అవి పూర్తిగా ఆగకముందే తలుపులు తోసుకుని జనం బయటపడ్డారు. అందరూ తలుపు దగ్గరి కుప్ప కోసం చూశారు. అక్కడ నేల ఉంది. బిభూతి దా బైరాగి మీదకి వచ్చాడు.

"ఒక్క జత కూడా పోలేదు దాదా. ఎడమవి అటు, కుడివి ఇటు" అన్నాడు బైరాగి, గర్వంగానే.

నిజమే, ఒక్క జత కూడా పోలేదు. అసలు జత అన్నదే మిగల్లేదు.

ఆ తర్వాత వసారాలో జరిగినదాన్ని బైరాగి చచ్చేదాకా మరిచిపోడు. జనవరి నెల, చలువరాయి మంచుముక్కలా ఉంది. ఎడమ కాలికి బూటు దొరికినవాళ్లు కుడి కాలు నేలకి తగలకుండా పైకెత్తి, చేతులు రెండు వైపులా చాపి, గెంతుతూ అటు కొసకి బయలుదేరారు. కుడి బూటు దొరికినవాళ్లు అటు నుంచి ఇటు గెంతుతూ వచ్చారు. మధ్యలో ఎదురైనవాళ్లు పడిపోకుండా ఒకరి నడుము ఒకరు పట్టుకుని, ఒక చుట్టు తిరిగి, విడిపోయారు. బూటు దొరకని లాయర్లు చలికి తట్టుకోలేక వేళ్ల కొనల మీద చిన్న చిన్న అడుగులు వేస్తున్నారు. లండన్ జోళ్లావిడ ఒక్క ఎత్తు మడమ మీద నిలబడి భర్త కేసి చెయ్యి చాపింది. ఆయన ఆమెను ఎత్తబోయాడు. బైరాగి వృత్తి కళ్లతో బరువు అంచనా వేసి, వద్దని తల అడ్డంగా ఊపాడు. ఆయన వినలేదు. దించినప్పుడు చప్పుడైంది.

ఇదంతా ఇలా ఉండగా, తమ కోసం పాదరక్షలు విడిచిన శ్రామికులను కలవాలని నాట్యబృందం వేషాలతోనే వసారాలోకి వచ్చింది. లేడి వేషం పిల్ల ఆ దృశ్యం చూసి ఆగిపోయింది. కలకత్తా పెద్దమనుషులంతా తమకు అభినందనగా ఒంటికాలి మీద ఆడుతున్నారని అనుకున్నట్టుంది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. తనూ ఒక కాలు ఎత్తి, వంగి, బదులు వందనం చేసింది. నగర కమిటీ నాయకుడు గెంతడం ఆపకుండానే, ఇది శ్రామికవర్గపు అభివందనమని ప్రకటించాడు. బిభూతి దా వెంటనే ముందుకు వచ్చి, "మా యూనియన్ ఏర్పాటే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కాళ్లకు రెండూ కుడి చెప్పులే ఉన్నాయి. అంత పెద్ద ఎడమ పక్షంలో ఆ కుడి సంగతి పైకి అనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మర్నాడు ఒక పత్రికలో విమర్శకుడు కలకత్తా ప్రేక్షకుల పాదాల వినయం గురించి అర పేజీ రాశాడు. నాట్యం బాగుందని చివర ఒక వాక్యం రాశాడు.

లారీ గార్డెన్ రీచ్ వైపు బయలుదేరింది. బిభూతి దా తొడుక్కున్న రెండు కుడి చెప్పుల తాలూకు ఎడమవి రెండూ బైరాగి కాళ్లకే ఉన్నాయి. అతనికి ఆ బాధ కూడా తెలియడం లేదు.

"బావా, ఆఖర్న ఏటయింది? లేడి బతికిందా?" అని గవరయ్యను అడిగాడు.

"నాకేటి తెలుసు? పండక్కి కొన్న కొత్త సెప్పులు. దొంగలన్న మాట ఇన్నకాణ్ణించి నా కళ్లకి అయ్యే కనిపించినాయి. తెర మీద ఏటాడినారో దేవుడికెరిక."

"అత్తా, నువ్వు సూసినావు కదా?"

"నాను కళ్లు మూసుకున్నాన్రా నాయినా. స్వామీ, నా సెప్పులు నాకు దక్కించు, కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంటా కూకున్నాను" అంది అమ్మన్నమ్మ. "సీతమ్మ వొచ్చిందేటి?" అని పక్కవాళ్లను అడిగింది. పక్కవాళ్లకీ తెలియదు. లారీలో అందరినీ అడిగాడు బైరాగి. ఒకరికి చెప్పుల పట్టీ గుర్తుంది, ఒకరికి రంగు గుర్తుంది. ముగింపు ఎవరికీ గుర్తు లేదు.

నారాయణమ్మ లారీ అంచుకి ఆనుకుని కూర్చుంది. ఆమె చెప్పులు అరిగి, తెగి, పిన్నీసు పెట్టినవి. వాటిని ఏ దొంగా ముట్టడని ఆమెకు తెలుసు. అందుకని రెండో సగమంతా రెప్పవెయ్యకుండా చూసింది. ఆమె కళ్లలో తడి ఇంకా ఆరలేదు.

"ఒలే, నువ్వు సూసినావు కదే. లేడి ఏటయింది?"

"నువ్వే కదా టీకొట్టు కాడ ఇన్నాళ్లూ సెప్తన్నావు. అలగే అయింది."

"ఎలగ? నాను మూడు రకాలుగా సెప్పినాను కదే."

"ఆ మూడిట్లో ఒకటి."

"నీ కాళ్లకి దండం పెడతాను. ఒక్కసారి ఎత్తినోడు దించలేదు, సప్పుడు రాలేదు. ఎందుకు దించలేదో అది సెప్పు సాలు."

నారాయణమ్మ అతని వైపు తిరిగింది. భవానీపూర్‌లో అతను వాడిన గొంతునే, ఒక్క మాట పొల్లుపోకుండా, అతనికి తిరిగి ఇచ్చింది. "ఆఖర్న ఏటుంటాది, అందరికీ తెలిసిందే కదేటి."

తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, శాలువా భుజాల మీదకి లాక్కుంది. "ఇయ్యాల నన్నెవరూ లేవదీయలేదు. ఆఖరిదాకా సూసినాను. నీ బాకీ సెల్లు" అని చెప్పి కళ్లు మూసుకుంది.

ఇన్నేళ్ల అప్పు తీరిపోయిన మనిషికి ఉండవలసిన సంతోషం మాత్రం బైరాగి ముఖంలో ఎక్కడా కనిపించలేదు.